వంతు తప్పించిన సిఫారసు

మా మదరసాలో ఇరవై రెండేళ్లుగా వంట చేస్తున్న పెద్దాయన ఒకరున్నారు. పిల్లలందరికీ ఆయన చాచా. ఫజ్ర్ అజాన్‌కు ముందే పొయ్యి వెలిగించే ఆ మనిషి, కొంతకాలంగా సజ్దాకు వంగలేక కుర్చీలో కూర్చుని నమాజు చేయవలసి వచ్చింది. కుడి తుంటి కీలు అరిగిపోయిందనీ, మార్చక తప్పదనీ ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు చెప్పారు. తేదీ కూడా ఇచ్చారు. ఆ తేదీ మూడుసార్లు వాయిదా పడింది. ఒకసారి అమర్చవలసిన కీలు రాలేదన్నారు. ఒకసారి మత్తు డాక్టరు లేరన్నారు. మరోసారి ప్రమాదాల్లో గాయపడినవారు ఎక్కువగా వచ్చారన్నారు. తనకంటే ముందు ఎంతమంది ఉన్నారో మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు. వైద్య సేవ కార్డు పట్టుకుని ప్రైవేటు ఆసుపత్రికి వెళితే, ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదు కాబట్టి ప్రస్తుతం కార్డు మీద చేర్చుకోవడం లేదని తిప్పి పంపారు.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి ఇషా నమాజు తర్వాత మసీదు వరండాలో ఇద్దరు పెద్దలు వాదనకు దిగారు. పేదవాడికి కార్పొరేటు ఆసుపత్రి తలుపు తెరిచింది ఆ కార్డేననీ, దాన్ని ఇప్పుడు నీరుగార్చారనీ ఒకరన్నారు. కార్డు పేరిట ప్రజల సొమ్ము ప్రైవేటు ఆసుపత్రులకు పోతూ ఉంటే ప్రభుత్వ ఆసుపత్రి ఎండిపోయిందనీ, అసలు తప్పు అక్కడే మొదలైందనీ రెండవవారు అన్నారు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. మూలన కుర్చీలో కూర్చున్న చాచా మెల్లగా అడిగారు: "హజ్రత్, మీ ఇద్దరిలో ఎవరు గెలిస్తే నా తారీఖు ముందుకొస్తుంది?"

ఎవరి వద్దా జవాబు లేదు. మా వద్ద కూడా లేదు. అప్పటికే మేము ఆయనకు ఎన్నోసార్లు సబ్ర్ గురించి చెప్పి ఉన్నాము. ఆ ప్రశ్న విన్నాక మా బోధన మాకే తేలికగా తోచింది.

నిజానికి ఆ ఇద్దరి మాటల్లోనూ సత్యముంది. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల్లో ఆరోగ్యశ్రీ ఆరంభమైంది. గుండె ఆపరేషన్ అనే మాటకే భయపడే కుటుంబాలకు అది పెద్ద ఆసరాగా నిలిచింది. దాన్ని కాదనడం కృతఘ్నత. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ పథకం పేరు కూడా మారుతూ వచ్చింది. పేరు కోసం పట్టుదలలు ఎన్నో చూశాము. కానీ 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బకాయిలు చెల్లించలేదంటూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేశాయి. పాలించే పార్టీలు వేరు, పథకం పేర్లు వేరు. గుమ్మం దగ్గర ఆగిపోయిన రోగి మాత్రం రెండు చోట్లా ఒక్కడే.

ఇక ఖర్చు సంగతి. 2025 నాటికి ప్రభుత్వాల ఆరోగ్య వ్యయం దేశ స్థూల ఉత్పత్తిలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం లక్ష్యం పెట్టుకుంది. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి వెచ్చించాలని కూడా అందులోనే ఉంది. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం ఆ వ్యయం 1.84 శాతం. మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు నేరుగా తమ జేబు నుంచి పెట్టుకునే వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా, 2021-22కు 39.4 శాతానికి తగ్గింది. ఇది మెరుగుదలే. అయినా ఆ ఏడాది ప్రతి వంద రూపాయల్లో దాదాపు నలభై రూపాయలు రోగి కుటుంబమే పెట్టుకోవలసి వచ్చింది.

మళ్లీ చాచా సంగతికి వద్దాము. ఆయన బాధ చూడలేక మేము ఒక పని చేశాము. మా వద్ద చదువుకున్న ఒక కుర్రవాడు ఇప్పుడు ఒక నాయకుని దగ్గర పని చేస్తున్నాడు. అతనికి ఫోన్ చేశాము. వారం తిరగకుండా తేదీ వచ్చింది. అల్‌హమ్దులిల్లాహ్ అనుకున్నాము. ఆపరేషన్ జరిగింది. మరునాడు చూడబోయినప్పుడు చాచా మొహంలో సంతోషం లేదు. వార్డు చివరి మంచం వైపు చూపించారు. ఆ మంచం మీద ఒక వ్యవసాయ కూలీ తల్లి ఉంది. ఆమెకూ తుంటి నొప్పే. ఆ రోజు తేదీ నిజానికి ఆమెది. తెల్లవారి నుంచి ఏమీ తినకుండా ఎదురుచూసిన ఆమెకు, పై వారానికి మార్చామని మధ్యాహ్నం చెప్పారట.

మేము ఆమె దగ్గరికి వెళ్లి, జరిగింది చెప్పి, మన్నించమని అడిగాము. ఆమె కోపగించుకోలేదు. "మీకు తెలిసినాయన ఒకరున్నారు, మాకు లేరు. అంతే గదా సాయిబుగారూ" అన్నది.

ముప్పై ఏళ్లుగా హదీసు పాఠం చెబుతున్నాము. అయినా ఆ మాటతో మేము కొత్తగా ఒక పాఠం నేర్చుకున్నాము. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) సన్నిధికి ఒకసారి పానీయం వచ్చింది. ఆయన తాగిన తర్వాత, పద్ధతి ప్రకారం కుడివైపు ఉన్నవారికి అందాలి. కుడివైపు ఉన్నది ఒక బాలుడు, ఎడమవైపు ఉన్నది పెద్దలు. పెద్దలకు ముందు ఇవ్వడానికి ఆ బాలుని అనుమతి అడిగారు. మీ నుంచి లభించే నా భాగాన్ని ఎవరికీ వదులుకోలేనని బాలుడు చెప్పాడు. ఆయన పాత్రను ఆ బాలుని చేతిలోనే పెట్టారు. ఈ హదీసును బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండూ నమోదు చేశాయి. ఎంత పెద్దవారి కోసమైనా, వంతు ఎవరిదో వారిని అడగవలసిందే. మేము ఆ తల్లిని అడగలేదు. ఆమె ఒకరున్నదన్న ఆలోచన కూడా మాకు రాలేదు. సిఫారసు చేసినవాడు దాని మంచిలోనే కాక చెడులోనూ భాగస్వామి అవుతాడన్నది అన్నిసా సూరా మనకు నేర్పే పాఠం. ఆమె పడిన ఆ వారం నొప్పిలో మా భాగం మేము కాదనలేము.

ఇది వ్యక్తుల తప్పు మాత్రమే కాదు. చాలినన్ని మంచాలు, చాలినంతమంది వైద్యులు, కనిపించే జాబితా లేని చోట ప్రతి మంచివాడూ ఎవరో ఒకరికి ఫోన్ చేస్తాడు. ఫోన్ చేయడానికి ఎవరూ లేనివాడు వెనక్కి పోతాడు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ నెలకొల్పిన బీమారిస్తాన్‌ను గుర్తుచేసుకుందాము. ధనిక, పేద భేదం లేకుండా అక్కడ చికిత్స లభించేది. దాని పోషణ ఏటేటా పాలకుని దయ మీద ఆధారపడకుండా, ఆస్తులను వక్ఫ్ చేసి, వాటి రాబడిని ముందే దానికి కట్టిపెట్టారు. రోగి హక్కును పాలకుని ఔదార్యం నుంచి విడదీయడమే ఆ ఏర్పాటులోని వివేకం. బకాయిలతో తలుపులు మూసుకునే పథకాలకు కావలసింది కూడా అదే.

కాబట్టి మా మసీదు పెద్దలిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాము. ఎవరి పార్టీ వారిదే. కానీ రెండు విషయాల్లో ఇద్దరూ ఒక్కటయ్యారు. ఆపరేషన్ కోసం ఎదురుచూసేవారికి క్రమసంఖ్య ఇచ్చి, జాబితాను గోడ మీద కనిపించేలా పెట్టాలని ఆసుపత్రి అభివృద్ధి సంఘానికి ఇద్దరూ సంతకం చేసి వినతిపత్రం ఇచ్చారు. ఖాళీగా ఉన్న పోస్టులెన్ని, బకాయిలెంత అని 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టారు. జవాబు కోసం ఎదురుచూస్తున్నాము. వచ్చే ఎన్నికల్లో ఓటు అడగవచ్చిన వారిని, కార్డు మీద ఎవరి పేరు వేస్తారని గాక, బడ్జెట్‌లో ఆరోగ్యానికి ఎంత కేటాయిస్తారు, అందులో ఎంత చెల్లిస్తారు అని అడగాలని కూడా అనుకున్నాము.

సబ్ర్ అంటే అమానతు పక్కదారి పడుతుంటే నోరు మూసుకోవడం కాదు. నొప్పిని ఓర్చుకోవడం రోగి సబ్ర్. ఆ నొప్పి తీరేదాకా న్యాయమైన మార్గంలో అడుగుతూనే ఉండడం మన సబ్ర్.

చాచా ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నారు. పొయ్యి మళ్లీ ఆయనే వెలిగిస్తున్నారు. ప్రతి నమాజు తర్వాత తన పేరు కంటే ముందు ఆ తల్లి కోసం దుఆ చేస్తున్నారు. పై వారం ఆమె ఆపరేషన్ కూడా జరిగిందని విన్నాము.

రోగులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! మన సుఖం కోసం ఇతరుల వంతును తీసుకోకుండా మనల్ని కాపాడుగాక! ఆమీన్.