రాత్రి మకాం ఎంత ఎత్తులో?

జూన్ దాటిందంటే మనాలీ నుంచి లేహ్‌కు సైకిళ్లపై బయల్దేరేవాళ్లలో మన తెలుగు కుర్రాళ్లూ ఉంటున్నారు. ఇంట్లో చెప్పగానే అమ్మ స్వెట్టర్ల గురించి అడుగుతుంది. నాన్న ఖర్చు గురించి, లోయల అంచున వెళ్లే లారీల గురించి అడుగుతారు. అవన్నీ అడగాల్సినవే. వాటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది... ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటావు?

మనాలీ ఎత్తు సుమారు 2,000 మీటర్లు. అక్కడి నుంచి ఒక్కో కనుమ దాటుకుంటూ తంగ్‌లంగ్ లా చేరేసరికి 5,300 మీటర్లు. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ మన కోస్తా ఊళ్లలో అందే దాంట్లో దాదాపు సగమే. ఈ లోటుకు ఒళ్లు అలవాటు పడటానికి రోజులు పడుతుంది. ‘ఆర్నెల్లుగా రోజూ నలభై కిలోమీటర్లు తొక్కుతున్నా, నాకేమవుతుంది’ అనే ధీమా ఇక్కడ పనికిరాదు. సాధనతో కాళ్లు, గుండె గట్టిపడతాయి గానీ ఎత్తు వల్ల వచ్చే జబ్బును అవి ఆపలేవు. పైగా ఓపిక ఉంది కదా అని ఒక్కరోజులోనే చాలా పైకి వెళ్లిపోయేది వీళ్లే.

వైద్యులు చెప్పే లెక్క తేలికే. 3,000 మీటర్లు దాటాక రాత్రి మకాం ముందురోజు కంటే 500 మీటర్లకు మించి పైన ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒకరోజు ఆగిపోవాలి. ఈ దారిలో చాలామంది 3,200 మీటర్ల జిస్పాలో పడుకుని, మర్నాడు బారాలాచా లా దాటేసి 4,300 మీటర్ల సర్చూలో గుడారం వేస్తారు. ఒక్క రాత్రికి వెయ్యి మీటర్లకు పైనే తేడా! జిస్పాలో రెండు రాత్రులు, పైన పట్సియో దగ్గర ఇంకో రాత్రి ఆగితే ఈ భారం చాలావరకు తగ్గుతుంది.

సర్చూలో ఇంకో చిక్కుంది. ఎత్తు జబ్బుకు అసలు మందు కిందికి దిగడమే. కానీ సర్చూ నుంచి వెనక్కి రావాలంటే దాదాపు 4,900 మీటర్ల బారాలాచా లా మళ్లీ ఎక్కాలి. ముందుకు వెళ్లాలంటే గాటా లూప్స్‌లో ఇరవై ఒక్క మలుపులు, ఆపైన 5,000 మీటర్లు దాటిన లాచుంగ్ లా. అంటే దిగడానికి కూడా ముందు ఎక్కాల్సిందే. అందుకే జిస్పాలోనో, పట్సియోలోనో తలనొప్పి, వికారం, అన్నం సయించకపోవడం మొదలైతే ‘ఎండ దెబ్బేలే’ అనుకోకుండా అక్కడే ఆగాలి. తగ్గకపోతే వెనక్కి దిగాలి. నడుస్తుంటే తూలినా, మాట తికమకపడినా, ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా తెల్లారేదాకా చూడకూడదు. సైకిల్ అక్కడే వదిలేసి, ఏ బండి దొరికితే ఆ బండిలో దించేయాలి. అలాంటి మనిషిని గుడారంలో ఒంటరిగా పడుకోబెట్టకూడదు.

కొవిడ్ నాటి పల్స్ ఆక్సీమీటర్ చాలా ఇళ్లలో ఉంది, తీసుకెళ్లొచ్చు. కానీ ఆ ఎత్తులో అంకె ఎనభైల్లో కనిపించడం మామూలే. అంకె బాగుందని తలనొప్పిని పట్టించుకోకపోతేనే ప్రమాదం. ముందుజాగ్రత్తగా వాడే అసిటజోలమైడ్ మాత్రను డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. గతంలో సల్ఫా మందులు పడకపోయి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. నిద్రమాత్రలు, మద్యం జోలికి అసలు పోవద్దు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే దారి నయం. అందులో అన్నిటికంటే ఎత్తైన ఫోతు లా 4,100 మీటర్లే. మధ్యలో కార్గిల్ దగ్గర 2,700 మీటర్లకు దిగి పడుకోవచ్చు.

మీవాడు ఏ దారిన వెళ్లినా, ఏ రాత్రి ఎక్కడ, ఎంత ఎత్తులో ఉంటాడో కాగితంపై రాయించుకుని ఫ్రిజ్‌కు అంటించుకోండి. ఆ దారిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఏ ఊరి నుంచి ఫోన్ చేస్తాడో కూడా అందులో ఉండాలి. లేహ్ నుంచి తిరుగు విమానం టికెట్‌ను మాత్రం లెక్క ప్రకారం చేరే తేదీకి మూడు రోజుల తర్వాతకే కొనమనండి. సర్చూకు ముందు తలనొప్పి వచ్చిననాడు ఆగాలా, వెళ్లాలా అన్నది చాలాసార్లు ఆ టికెట్టే తేలుస్తుంది.