సిమ్‌లో మండలేని బాయిలర్

బ్రిటన్ ఇంధన భద్రత, నెట్ జీరో శాఖ మంత్రి గారికి,

మా ఇల్లు రెడింగ్‌లో. వంటగది గోడకు 30 కిలోవాట్ల కాంబి బాయిలర్ ఉంది. గదుల్లోని రేడియేటర్లను వేడిచేసేదీ, ట్యాంకు లేకుండా కుళాయి తిప్పగానే నీళ్లు కాచేదీ అదే. మొన్న సాయంత్రం సాంబారు గిన్నె తోముదామని కుళాయి సన్నగా తిప్పాను. లోపల ఫ్యాను గిర్రుమంది. టిక్కుటిక్కుమని నిప్పురవ్వలు, బుస్సుమని మంట. కాసేపటికే ఆరిపోయింది. నీళ్లు చెయ్యి చుర్రుమనిపించి, అంతలోనే చల్లబడ్డాయి. మళ్లీ టిక్కుటిక్కు. గిన్నె కడగడం అయ్యేలోపు ఏడుసార్లు వెలిగి ఆరింది.

మెకానిక్ వచ్చి లోపమేమీ లేదన్నాడు. నిజమే, కుదరంది లెక్క. నిమిషానికి 3 లీటర్ల ధారను 15 డిగ్రీల నుంచి 40కి తేవాలంటే సుమారు 5 కిలోవాట్లు చాలు. మా బాయిలర్ ఎంత తగ్గినా 7 కిందికి దిగదు. మిగులు వేడి హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో పోగై, హద్దు దాటగానే మంట ఆరిపోతుంది. మన వంటింటి భాషలో ఇది సిమ్ లేని పొయ్యి. పాలు పొంగినప్పుడల్లా కట్టేసి, మళ్లీ వెలిగించుకోవాలి. వెలిగిన ప్రతిసారీ ఫ్యాను ముందుగా లోపలి గాలిని, దాంతోపాటు కొంత వేడిని పొగగొట్టంలోంచి బయటికి తోసేస్తుంది.

నేను చేసిందల్లా వేడినీళ్ల సెట్టింగును 60 నుంచి 45కి దించడం. కావలసిన కిలోవాట్లు అంతే ఉంటాయి కానీ ధార మారుతుంది. 60లో ఉంటే చన్నీళ్లు ఎక్కువ కలపాలి కనుక బాయిలర్‌లోంచి వెళ్లేది నిమిషానికి 1.7 లీటర్లే. 45లో ఉంటే రెండున్నర. మంట ఆర్పే హద్దు కూడా కాస్త దూరమవుతుంది. వెలిగి ఆరడం ఏడుసార్ల నుంచి మూడుసార్లకు తగ్గింది. మా ఊరి నీళ్లతో పట్టే సున్నం కూడా తగ్గుతుంది. (ట్యాంకు ఉన్నవాళ్లు ఈ పని చేయకండి. నిల్వ నీళ్లు 60లో ఉండాల్సిందే, లేకపోతే లీజియొనెల్లా బ్యాక్టీరియా భయం.)

ఆ మిగిలిన మూడుసార్లు మాత్రం నా చేతిలో లేవు, మీ చేతిలో ఉన్నాయి. 2018 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో వచ్చిన బాయిలర్ ప్లస్ నిబంధనలు 92 శాతం సామర్థ్యం అడిగాయి, టైమరు అడిగాయి, ఎంత తక్కువలో మండగలదని అడగలేదు. 2022 చలికాలంలో ప్రభుత్వం రేడియేటర్లకు వెళ్లే నీటి వేడిని తగ్గించుకోమంది. మంచి సలహాయే. కానీ రేడియేటర్లు వేసవిలో పడుకుంటాయి, కుళాయి పడుకోదు.

బాయిలర్ ఎనర్జీ లేబుల్ మీద గరిష్ఠ కిలోవాట్లున్నాయి, చప్పుడు ఎన్ని డెసిబెల్సో కూడా ఉంది. కనిష్ఠం లేదు. కొనేటప్పుడు రెండు స్నానాల గదులున్నాయంటే అమ్మినతను 30 కిలోవాట్లది కావాలన్నాడు. తగ్గితే ఎంతకు తగ్గుతుందని నేనూ అడగలేదు, అడగాలని తెలిస్తేగా! పదో వంతుకు, అంటే 3 కిలోవాట్లకు, దిగే బాయిలర్లు ఇదే బజారులో ఉన్నాయి.

మాన్యువల్ చివరి పేజీల పట్టికలో దాక్కున్న ఆ అంకెను లేబుల్ మీదికి తెప్పించండి. బిగించిన రోజే కుళాయి సన్నగా తిప్పి, రెండు నిమిషాలు మంట నిలిచిందో లేదో చూసి, కాగితం మీద రాసివ్వమనండి.

ఇట్లు,
రెడింగ్ నుంచి ఒక గృహిణి