బండి వెనక తొట్టిలో నుండి



మన సంఘంలో పెళ్లి కుదిరిన ఒక తమ్ముడు మొన్న ఊళ్లోని పాత టాటా 407 ముందు నిలబడి ఫొటోలు తీయించుకున్నాడు. ఇప్పుడు పాత బండ్లంటే మోజు కదా. బండి కడిగి, టైర్లకు నలుపు కూడా పూశారు. ఫొటోలు బాగున్నాయి గానీ నాకు మనసొప్పలేదు. అది ఏ ఊరి బండో తెలియడం లేదు.

ఈ 407 మార్కెట్లోకి వచ్చింది 1986లో. మన దిక్కు ఇవి ఏం మోశాయో మీకు తెలుసు. నల్గొండ వైపు బత్తాయిలు, వడ్ల బస్తాలు. పాలమూరు వైపు వాటితోపాటు మనుషులు. గంప, పార, సత్తు గిన్నెలు, చంటిపిల్లలు, అందరూ ఆ వెనక తొట్టిలోనే బస్సు రోడ్డు దాకా.

కాబట్టి నా మాట ఇది: ఆ బండిని ముందు నిలబడి తీయొద్దు. తొట్టిలోకి ఎక్కి, క్యాబిన్‌కు వీపు ఆనించి, కింద కూర్చొని వెనక్కి చూస్తూ తీయండి. సాయంత్రం ఎండ పక్కనుండి పడితే ప్రతి సొట్టా కనబడుతుంది; మిట్టమధ్యాహ్నం అన్నీ చదునైపోతాయి. నేనూ కూర్చొని చూశాను. వెనక తలుపు పైఅంచున ఒక్కచోట రంగు పూర్తిగా పోయి ఇనుము మెరుస్తోంది. తుప్పు లేదు. ఎక్కేవాళ్లందరూ చెయ్యి వేసే చోటు అదే.

నాగార్జునసాగర్ ఫొటోలు కూడా అంతే. దూరం నుండి తీస్తే పెద్ద గోడ. 1955 నుండి 1967 దాకా ఆ రాళ్లు మోసినవాళ్లు కనబడాలంటే పని జరుగుతుండగా దగ్గర నుండి తీసిన పాత ఫొటోలు చూడాలి. మన ప్రభువు శిష్యుల పాదాలు కడగడానికి వంగాడు. ఆ ధూళి ఆయనకు కనబడింది అక్కడినుండే కదా.

"అయ్యగారూ, పెళ్లి ఫొటోలో కష్టాలెందుకు?" అన్నాడు తమ్ముడు. న్యాయమైన ప్రశ్నే. పట్నం నుండి వచ్చి మన పేదరికాన్ని ఫొటో తీసుకొని పోయేవాళ్లంటే నాకూ గిట్టదు. కానీ ఇది వేరేవాళ్ల కష్టం కాదు. ఆ తొట్టిలో వాళ్లమ్మ అతణ్ని చంకనేసుకొని ఎన్నిసార్లు ఎక్కిందో! ఆ మాటే అన్నాను. అతను ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు వాళ్లమ్మను తీసుకొచ్చాడు. ఆమె బండి దగ్గరకు వచ్చి, కట్టుకున్న చీర చూసుకొని, "ఆగు బిడ్డా, ఆనాడు చింపిరి చీరతో ఎక్కిన. ఈసారి పట్టుచీర కట్టుకొని ఎక్కుత" అని ఇంటికి వెళ్లిపోయింది. మేమంతా అరగంట ఎదురుచూశాం. ఎండ పోతుందని ఫొటోగ్రాఫరు ఒకటే కంగారు. ఆమె తిరిగొచ్చి, ఎవరి చెయ్యీ అందుకోకుండా, ఆ మెరిసే చోటే పట్టుకొని ఎక్కింది.