సైటు లేచిందని సంబరపడకండి

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో సొంత వెబ్‌సైటు ఉన్న కాలేజీలు, ప్రైవేటు స్కూళ్లు, ఆస్పత్రులు, ఫంక్షన్ హాళ్లు, ఫామ్‌హౌస్‌ల యజమానులు ఈ వారం దాటకుండా ఒక మాట కనుక్కోవాలి. మన సైటు ఏ మెషీన్ మీద నడుస్తోంది, దాంట్లో పీహెచ్‌పీ (సైటు కోడ్ రాసిన భాష) ఏ వెర్షను? అడగాల్సింది సైటు చేసిపెట్టిన కుర్రాణ్నే. జవాబులో ‘జాంప్’ అన్న మాట వినపడిందా, ఆ మెషీన్‌ను ఆ రోజే ఇంటర్నెట్ నుంచి తప్పించండి. ‘7.4’ అని వినపడితే, ఆ వెర్షనుకు భద్రతా సవరణలు రావడం 2022 నవంబరు 28తోనే ఆగిపోయిందని తెలుసుకోండి. ‘8.1’ అన్నా ఊరట లేదు. దాని గడువూ 2025 డిసెంబరు 31తో తీరిపోయింది.

అపాచీ, మరియాడీబీ, పీహెచ్‌పీ, పెర్ల్ నాలుగింటినీ ఒకే ఇన్‌స్టాలర్‌లో ఇచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ జాంప్. నేర్చుకునేవాళ్ల కోసం చేసింది కాబట్టి దాంట్లో అన్నీ బార్లా తెరిచే ఉంటాయి. డేటాబేస్‌లో ‘రూట్’ యూజరుకు పాస్‌వర్డు ఉండదు. తప్పు జరిగితే వివరమంతా తెర మీదే పరుస్తుంది. బయటి ప్రపంచానికి సర్వరుగా వాడొద్దని దాన్ని తయారుచేసినవాళ్లే రాసి పెట్టారు. ఆ మాట చదివినవాళ్లు తక్కువ.

2024 జూన్ 6న తైవాన్‌కు చెందిన డెవ్‌కోర్ సంస్థ ఒక లోపాన్ని బయటపెట్టింది. కనిపెట్టిన పరిశోధకుడు ఆరెంజ్ త్సాయ్. పీహెచ్‌పీని సీజీఐ పద్ధతిలో విండోస్ మీద నడిపితే, వెబ్ అడ్రసులో ‘సాఫ్ట్ హైఫన్’ అనే కనపడని గుర్తు వచ్చినప్పుడు విండోస్ దాన్ని మామూలు హైఫన్‌గా మార్చేస్తుంది. దాంతో బయటివాడు అడ్రసులో రాసిన ముక్క పీహెచ్‌పీకి కమాండ్ ఆప్షన్‌గా అందుతుంది. లాగిన్ లేదు, పాస్‌వర్డు లేదు, వాడు పంపిన కోడ్ మీ మెషీన్‌లో నడుస్తుంది. 2012లో ఇలాంటిదే ఒకటి బయటపడితే అప్పుడు మూసిన దారిని ఈ ఒక్క గుర్తు మళ్లీ తెరిచింది. విండోస్ మీది జాంప్‌లో సీజీఐకి దారి ముందే తెరిచి ఉంటుంది కనుక ఎవరూ ఏ పొరపాటూ చేయకుండానే ముప్పు వచ్చి కూర్చుంటుంది. చైనీస్, జపనీస్ విండోస్‌ల మీద దాడి పారుతుందని వాళ్లు నిరూపించారు. మిగతా భాషల విండోస్‌లకు భయం లేదని మాత్రం హామీ ఇవ్వలేదు. సవరణ 8.1.29, 8.2.20, 8.3.8 వెర్షన్లలో వచ్చింది. వివరాలు బయటికొచ్చిన రెండు రోజులకే ఒక రాన్సమ్‌వేర్ ముఠా ఈ దారిన సర్వర్లలోకి దూరి ఫైళ్లకు తాళం వేయడం మొదలుపెట్టింది.

ఇప్పుడు కాలేజీ ల్యాబ్‌కు వెళ్లి జాంప్ కంట్రోల్ ప్యానెల్ మీద జాంప్ వెర్షను నంబరు చూడండి. చాలాచోట్ల కనిపించే 8.2.12 సంచిక 2023 నవంబరులో వచ్చింది. అంటే సవరణకు ఏడు నెలల ముందుది. దాన్ని ఇంటర్నెట్‌కు చూపించకుండా పాఠం నేర్చుకోవడానికి వాడుకుంటే పేచీ లేదు. అలాగైనా ‘హెచ్‌టీటీపీడీ-జాంప్’ కాన్ఫిగ్ ఫైల్లో ‘స్క్రిప్ట్ఎలియాస్’తో మొదలై పీహెచ్‌పీ-సీజీఐకి దారి చూపే వరుస ముందు ఒక హ్యాష్ గుర్తు పెట్టి, అపాచీని ఆపి మళ్లీ నడపండి. అరనిమిషం పని.

ఈ హెచ్చరిక ప్రత్యేకంగా మన రెండు మండలాలకే ఎందుకంటారా? అజీజ్‌నగర్, చిల్కూరు, యెన్కపల్లి చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఏటా ఫైనలియర్ పిల్లలు ప్రాజెక్టు పేరుతో ఆన్‌లైన్ అటెండెన్సు, హాస్టల్ మేనేజ్‌మెంట్, ఆస్పత్రి అపాయింట్‌మెంటు అంటూ పీహెచ్‌పీలో ఏదో ఒకటి చేస్తారు. వైవా అయిపోగానే అవన్నీ అటకెక్కవు. ఊళ్లో తెలిసినవాళ్ల స్కూలుకో, చేవెళ్లలో బాబాయి గారి క్లినిక్‌కో, మొయినాబాద్ రోడ్డు మీది ఫామ్‌హౌస్‌కో అదే కోడ్ ‘సైటు’గా వెళ్లి కూర్చుంటుంది. చేసినవాడు చిల్కూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి వీసా తెచ్చుకుని అమెరికా ఎక్కుతాడు. 108 ప్రదక్షిణల మొక్కు తీర్చడానికి మళ్లీ వస్తాడేమో గానీ, ఆ సర్వరు పాస్‌వర్డు చెప్పడానికి రాడు.

సర్వరు మొరాయించిన రోజే అసలు ప్రమాదం మొదలవుతుంది. తెర మీద ‘500 ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్’ అని పడుతుంది. అడ్మిషన్ల సీజను, ఫోన్లు మోగుతుంటాయి. ‘సర్వర్ డౌన్’ అన్న మాట వింటే మన జనానికి ఒళ్లు మండుతుంది. 2020 నవంబరులో తహసీల్దారు ఆఫీసుల్లో ధరణి రిజిస్ట్రేషన్లు మొదలైనప్పటి నుంచీ పట్టా కాగితాలు చంకన పెట్టుకుని వరండాలో పడిగాపులు కాసిన రైతులకు ఆ మాట విలువ తెలుసు. అందుకని యజమాని తొందరపెడతాడు, కుర్రాడు గూగుల్‌లో దొరికిన మొదటి చిట్కా వేస్తాడు. ఫోల్డరు పర్మిషన్ 777. సైటు లేస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

చేవెళ్ల వైపు బోరు మోటారు నడిపే ఏ రైతునైనా అడగండి. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే దాని స్థానంలో మందపాటి తీగ చుట్టేస్తే మోటారు ఆడుతుంది, కాలిపోయేది తర్వాత. 777 అంటే ఆ తీగే. ఆ మెషీన్‌లో ఖాతా ఉన్న ఎవరైనా, ఏ ప్రోగ్రామైనా ఆ ఫోల్డరులో రాయొచ్చు, చెరపొచ్చు. ఫొటోలు అప్‌లోడ్ చేసే ఫారం ఒకటి ఉండి, అది వచ్చిన ఫైలు నిజంగా ఫొటోనా కాదా అని చూడకపోతే, ఫొటో పేరుతో ఒక చిన్న పీహెచ్‌పీ ఫైలు లోపలికొస్తుంది. ఆ తర్వాత సైటు మీది కాదు. తమాషా ఏమిటంటే, ఎస్‌యూ-పీహెచ్‌పీ వాడే కొన్ని షేర్డ్ హోస్టింగులలో 777 పెడితేనే 500 ఎర్రర్ వస్తుంది. అందరూ రాయగలిగే స్క్రిప్టును నడపనని ఆ సర్వరే మొండికేస్తుంది. మందే రోగమన్నమాట. మామూలుగా ఫైళ్లకు 644, ఫోల్డర్లకు 755 చాలు. అప్పటికీ పని జరగకపోతే తేడా యాజమాన్యంలో ఉంది. ఫైళ్లు ఏ యూజరు పేరు మీద ఉన్నాయి, పీహెచ్‌పీ ఏ యూజరుగా నడుస్తోందో చూడాలి.

అదే తొందరలో జరిగే రెండో పని, ఎర్రర్లను తెర మీద చూపించమని సెట్టింగు మార్చడం. సమస్య దొరికాక దాన్ని వెనక్కి తిప్పడం ఎవరికీ గుర్తుండదు. డేటాబేస్ ఒక రాత్రి పలకకపోతే వచ్చే పీడీఓ ఎర్రర్ జాబితాలో సర్వరు పేరు, యూజరు పేరు, పాత వెర్షన్లలో పాస్‌వర్డుతో సహా పడే అవకాశముంది. పీహెచ్‌పీతో పాటు రెండు ఇని ఫైళ్లు వస్తాయి, ఒకటి డెవలప్‌మెంటుకు, ఒకటి ప్రొడక్షన్‌కు. సైటుకు పెట్టాల్సింది రెండోది. ఎర్రర్లు లాగ్ ఫైలులో పడాలి, తెర మీద కాదు.

మూడోది ఇంకా చోద్యం. రాత్రి అపాచీనో పీహెచ్‌పీనో అప్‌గ్రేడ్ చేస్తారు, మాడ్యూల్ లోడ్ అవ్వదు. తెల్లారేసరికి పేజీ బదులు కోడ్ మొత్తం అక్షరాలుగా కనిపిస్తుంటుంది. మొదటి పది వరుసల్లోనే డేటాబేస్ పాస్‌వర్డు. 2007 ఆగస్టులో ఫేస్‌బుక్ అంతటి సంస్థకే ఇది జరిగింది. ఒకే ఒక్క వెబ్ సర్వరు కాన్ఫిగరేషన్ తప్పి, మొదటి పేజీ కోడ్ కొందరికి కనిపించి బయటికి పొక్కింది. కాన్ఫిగ్ ఫైలుకు ‘.బ్యాక్’ అని పేరు తగిలించి అదే ఫోల్డరులో దాచుకునే మన అలవాటుకు అప్‌గ్రేడ్ కూడా అక్కర్లేదు. ఆ తోక ఉన్నదాన్ని పీహెచ్‌పీ ముట్టుకోదు కాబట్టి సర్వరు అడిగినవాడికి అడిగినట్టు ఇచ్చేస్తుంది.

ప్రాజెక్టు టీముల్లో ఇంకో సంగతి. పక్క కంప్యూటరు నుంచి పీహెచ్‌పీమైఅడ్మిన్ తెరిస్తే ‘యాక్సెస్ ఫర్బిడన్’ అని జాంప్ అడ్డుకుంటుంది. అడ్డుకోవడమే మేలు. మనవాళ్లు కాన్ఫిగ్‌లో ‘రిక్వైర్ లోకల్’ తీసేసి ‘రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్’ రాస్తారు. మర్నాడు గైడుకు చూపించడానికి ఎన్‌గ్రోక్‌తోనో, రౌటర్‌లో పోర్టు ఫార్వర్డ్ చేసో ల్యాప్‌టాప్‌ను ప్రపంచానికి తెరుస్తారు. రూట్‌కు పాస్‌వర్డు లేదని ముందే చెప్పుకున్నాం కదా.

‘మా చిన్న సైటు ఎవడికి తెలుసండీ’ అనేవాళ్లకు ఒక మాట. మీ డొమైన్‌కు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ తీసుకోగానే ఆ పేరు బహిరంగ రిజిస్టర్లలో నమోదవుతుంది. వాటిని రాత్రింబవళ్లు చదువుతుండే బాట్‌లున్నాయి. నమ్మకం లేకపోతే ఇవాళే మీ సర్వరు యాక్సెస్ లాగ్ తెరవండి. ‘డాట్ ఈఎన్‌వీ’ ఫైలు ఇవ్వమని, ‘డాట్ గిట్’ ఫోల్డరు ఇవ్వమని, పీహెచ్‌పీమైఅడ్మిన్ ఎక్కడని, ‘బ్యాకప్ డాట్ జిప్’ ఉందా అని ఎక్కడెక్కడి ఐపీల నుంచో వచ్చిన అభ్యర్థనలు వరుసగా కనిపిస్తాయి. ఆ వరుసల్లో 404 అని ఉంటే ఫరవాలేదు, వాడు అడిగింది మీ దగ్గర లేదు. ఎక్కడైనా 200 కనిపిస్తే మీ సర్వరు ఏదో ఒకటి ఇచ్చి పంపింది. ఏమిచ్చిందో ఆ అడ్రసు మీరే తెరిచి చూడండి. నిజంగా ఆ ఫైలే వస్తే అందులోని పాస్‌వర్డులన్నీ అప్పటికప్పుడు మార్చండి.

ఫామ్‌హౌస్‌ల సంగతి తీసుకోండి. వారాంతానికి వచ్చే అతిథుల దగ్గర ఆధార్ కాపీ తీసుకుంటారు. బుకింగ్ ఫారంలో ఎక్కించిన ఆ ఫొటోలన్నీ ‘అప్‌లోడ్స్’ ఫోల్డరులో పడతాయి. అపాచీలో ‘ఇండెక్సెస్’ ఆప్షన్ తీసేయకపోతే ఆ ఫోల్డరు అడ్రసు కొట్టినవాడికి ఆధార్ కార్డుల జాబితా వరుసగా పరిచి ఇస్తుంది. తర్వాత గూగుల్ కూడా వచ్చి ఏరుకుంటుంది. స్కూలు సైట్లలో పిల్లల ఫొటోలు, తల్లుల ఫోన్ నంబర్లు పడి ఉండేది ఇలాంటి ఫోల్డర్లలోనే.

పెద్దవాళ్లూ దీనికి అతీతులు కారు. 2019 ఏప్రిల్ నెలాఖరున రాన్సమ్‌వేర్ దెబ్బకు రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు మూతపడ్డాయి. మన మండలాలకు కరెంటిచ్చే దక్షిణ డిస్కం కూడా వాటిలో ఉంది. 2024 వేసవిలో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ సమాచారం బయటికి పొక్కింది. 2025 నవంబరులో రాష్ట్ర హైకోర్టు వెబ్‌సైట్‌లో ఉత్తర్వుల కాపీ దింపుకోబోయినవాళ్లను అది గేమింగ్ సైటుకు తీసుకెళ్లింది. వాళ్లకు నిపుణులున్నారు, సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉంది. చేవెళ్లలో క్లినిక్‌కు ఎవరున్నారు?

మరి సైటు ఆగినప్పుడు ఏం చేయాలి? ముందుగా ఏదీ ముట్టుకోకుండా టైము రాసుకోండి. తర్వాత ఎర్రర్ లాగ్ చివరి వరుసలు చదవండి. 500 వెనక కారణం నూటికి తొంభై పాళ్లు అక్కడే ఫైలు పేరుతో, వరుస నంబరుతో రాసి ఉంటుంది. డాట్ హెచ్‌టీయాక్సెస్‌లో ఒక అక్షరం తప్పినా అక్కడే తెలుస్తుంది. 502 వస్తే ఎన్‌జినెక్స్ (అపాచీ లాంటి మరో వెబ్ సర్వరు) బాగానే ఉంది, దాని వెనక పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్ పడిపోయింది లేదా సాకెట్ అడ్రసు కలవడం లేదు. 413 వస్తే ఫైలు పెద్దది. ఎన్‌జినెక్స్ సొంతంగా 1 ఎంబీ దాటనివ్వదు, పీహెచ్‌పీ 2 ఎంబీ దగ్గర ఆపుతుంది, రెండు చోట్లా పెంచాలి. కాన్ఫిగ్ మార్చాక సర్వరును రీస్టార్ట్ చేసే ముందు అపాచీకైతే ‘కాన్ఫిగ్‌టెస్ట్’, ఎన్‌జినెక్స్‌కైతే ‘మైనస్ టి’ పరీక్ష నడపండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది రాసుకోండి. పరీక్ష కోసం పెట్టిన పీహెచ్‌పీ-ఇన్ఫో పేజీని పని అయిపోగానే తీసేయండి. అది మీ సర్వరు జాతకం మొత్తం ఊరికి చదివి వినిపిస్తుంది.

లాగ్‌లను మాత్రం చెరపొద్దు. డిస్క్ నిండిందని మొదట వాటినే ఊడ్చేస్తుంటారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు 180 రోజుల లాగ్‌లు దాచాలి, చొరబాటు తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు సమాచారమివ్వాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. తగిన భద్రత పాటించక డేటా పోగొడితే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చు. సైటు చేసిన కుర్రాడు కట్టడు. ఆధార్ కాపీలు అడిగి తీసుకున్న యజమానే కట్టాలి.

డబ్బు పోయినట్టు తెలిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. అంతదాకా రానివ్వకుండా చేసుకోగలిగిన పనులు మూడున్నాయి, మూడూ ఈ రాత్రికే అయిపోతాయి: డేటాబేస్ రూట్‌కు పాస్‌వర్డు పెట్టడం, అప్‌లోడ్స్ ఫోల్డరులో పీహెచ్‌పీ నడవకుండా ఆపడం, బ్యాకప్‌ను సర్వరు ఫోల్డరులోంచి తీసి వేరే డిస్కులో పెట్టడం. డొమైన్, హోస్టింగ్ ఖాతాలు ఎవరి మెయిల్ మీద ఉన్నాయో కూడా చూసుకోండి. ఆ కుర్రాడి కాలేజీ మెయిల్ మీద ఉంటే, అది మూతపడక ముందే అతణ్ని పట్టుకోండి.