పైనుంచి చూస్తే మన పోడు ఏ పంట?

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ఉపగ్రహ చిత్రాలు చూసి ఏ పొలంలో ఏ పంట ఉందో కోతకు ముందే ఎలా చెప్తారో మొన్న కాలేజీలో చూపించారు. నిజంగా బాగుంది. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలు 5 రోజులకోసారి మన కొండల మీదుగా పోతాయి. ఆ చిత్రాలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. పచ్చటి ఆకు మన కంటికి కనపడని పరారుణ కాంతిని ఎక్కువగా తిప్పి పంపుతుంది. పంట మొలిచిన దగ్గర్నుంచి ఎండే దాకా ఆ కాంతి మారుతూ ఉంటుంది. వరిది ఒక తీరు, మొక్కజొన్నది ఇంకో తీరు. ఆ తీరు బట్టి కంప్యూటర్ పంట పేరు చెప్తుంది.

నాకు వెంటనే మా పోడు గుర్తొచ్చింది. మాది పాడేరు వైపు. మా నాన్న సామల్లోనే కందులు కలిపి వేస్తాడు, పక్కనే చోళ్లు. ఆ చిత్రంలో ఒక్కో గడి 10 మీటర్లకు 10 మీటర్లు, అంటే సుమారు రెండున్నర సెంట్లు. మాకు అంత చోటులోనే మూడు పంటలుంటాయి. ఆ గడికి ఏం పేరు పెడతారు? పైగా సామలు పెరిగే నెలల్లోనే కొండంతా మబ్బు. మబ్బులోంచి చూసే రాడార్ ఉపగ్రహాలు ఉన్నాయి గానీ, ఏటవాలు కొండల మీద వాటి బొమ్మ వంకర పోతుంది.

సార్‌ని అడిగా. "ముందు నేల మీద తిరిగి నమూనాలు ఇస్తేనే కంప్యూటర్ నేర్చుకుంటుంది" అన్నారు. అంటే మైదానం పొలాలే చూపిస్తే దానికి మైదానం పంటలే తెలుస్తాయి. సామలు దానికి గడ్డే.

ఒక ఏడాది వానలకు మా పంట పోయింది. రికార్డులో బీడు అని ఉందని పరిహారం రాలేదు. అది ఉపగ్రహం తప్పు కాదు, మనిషి కొండెక్కకుండా రాసిన రాత. రేపు అదే రాత మెషీన్ రాస్తే మా నాన్న ఎవరిని అడగాలి?

నేను టెక్నాలజీకి వ్యతిరేకం కాదు. కరువులో, బీమాలో అది మనకూ పనికొస్తుంది. కానీ 2012లో సవరించిన అటవీ హక్కుల నియమాల్లో ఒక మాట ఉంది: ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు, వాటికి బదులు కాకూడదు. భూమి హక్కుకు పెట్టిన ఆ నియమం పంట నమోదుకూ ఉండాలన్నది నా అభిప్రాయం. మెషీన్ బీడు అన్నచోట మనిషి వెళ్లి చూడాల్సిందే.

మన వంతు పనీ ఉంది. సెలవులకు ఊరెళ్లినప్పుడు లొకేషన్ ఆన్ చేసి పొలం ఫొటో తీయండి. ఏ పంటలు, ఎప్పుడు విత్తారు, ఎప్పుడు కోశారు అని అమ్మానాన్నల్ని అడిగి రాసి పెట్టండి. రేపు ఎవరైనా బీడు అంటే చూపించడానికి అదే సాక్ష్యం. కంప్యూటర్‌కి సామలు నేర్పడానికీ అదే నమూనా.

మా నాన్నకు సంతకం పెట్టడమే వచ్చు. ఆయన పంట పేరు రాయాల్సింది మనమే.

జై ఆదివాసీ.