కప్పు కింది గాలికి దారి చూపాలి

వడగాల్పులు మొదలవగానే అధికారులు చెప్పే మొదటి మాట: మధ్యాహ్నం బయటకు వెళ్లొద్దు, ఇంటిపట్టునే ఉండండి. ఇంట్లో ఉంటే ఎండ బారిన పడనట్టేనన్నది ఆ మాట వెనకున్న నమ్మకం. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో రేకుల ఇళ్లలో కాపురముంటున్న వారి విషయంలో ఆ నమ్మకం నిలవదు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి రేకుల గదిలో కంటే వాకిట్లో వేపచెట్టు కిందే నయం. కాలూచేయీ ఆడేవాళ్లు మంచం తెచ్చి చెట్టు కింద వేసుకుంటారు. లేవలేని ముసలివాళ్లు, బాలింతలు, చంటిపిల్లలు మాత్రం పగలంతా ఆ కప్పు కిందే ఉంటారు.

2015 ఎండాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 1,700 మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. పదేళ్ల తర్వాత, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాల్పులను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకిచ్చే సాయాన్ని రూ.4 లక్షలకు పెంచింది. అది మంచి నిర్ణయం. కానీ ప్రాణం పోయాక అందే సాయం కంటే ప్రాణం పోకుండా కాపాడే కప్పు ముఖ్యం. ఇంటి కప్పు ఎంత వేడిని లోపలికి దించుతోంది? కప్పు కింద చేరిన వేడిగాలి ఎటు పోతోంది? ఈ రెండు ప్రశ్నలూ ఇళ్ల పథకాల్లోకి, పంచాయతీ పనుల్లోకి రావాలి.

పాత ఇంట్లో అటక చేసిన పని

ఓరుగల్లు ప్రాంతపు పాత పెంకుటిల్లును ఒకసారి గమనించండి. గది గోడల మీద దూలాలు, దూలాల మీద చెక్కలు, వాటిపై మట్టి పరిచిన అటక. అటక మీద ధాన్యం బస్తాలు, చింతపండు కుండలు, పండుగలకే దించే ఇత్తడి సామాను. ఆపైన ఏటవాలు వాసాలు, వాసాల మీద కుమ్మరి గూన. ఎండకు గూన కాగేది. ఆ వేడి ముందు అటక మీది గాలికి తగిలేది. వేడెక్కిన గాలి తేలికై పైకి లేచి, గూనల సందుల్లోంచి బయటపడేది. దాని చోట చూరు కింది నుంచి కొత్త గాలి చేరేది. మిగిలిన వేడి కిందికి దిగకుండా మట్టి అటక అడ్డుకునేది. అంటే మనిషి నెత్తి మీద ఒకటి కాదు, రెండు కప్పులుండేవి. వాటి నడుమ గాలి ఆడుతూ ఉండేది.

అమెరికాలో ఇళ్ల నిర్మాణ నిబంధనలు అడిగేదీ ఇదే. అటక నేల వైశాల్యంలో కనీసం 150వ వంతు గాలి రంధ్రాలుండాలని అక్కడి నియమం. వాటిలో దాదాపు సగం చూరు దగ్గర, సగం కొప్పు దగ్గర పెట్టడం వంటి షరతులు పాటిస్తే 300వ వంతు చాలంటారు. డాలస్, హ్యూస్టన్‌లలో స్థిరపడిన మన పిల్లల ఇళ్లకు చూరు కింద కనిపించే జల్లెడ పలకలు అందుకోసమే. 400 చదరపు అడుగుల ఇంటికి 150వ వంతు లెక్క వేస్తే మొత్తం మీద రెండున్నర చదరపు అడుగుల పైచిలుకు ఖాళీ వదిలితే సరిపోతుంది. ఏ మేస్త్రీ అయినా ఒక పూటలో చేయగల పని అది.

గూన ఇళ్లు ఊరికే పోలేదు. ఏటా వానలకు ముందు కప్పు ఎక్కి గూన సర్దించాలి. ఆ పని తెలిసిన చేతులు తగ్గిపోయాయి. టేకు వాసాలు కొనగలిగే ధరలో లేవు. అన్నిటినీ మించి కోతులు. అడవి నుంచి ఊళ్లలోకి దిగిన గుంపులు గూన ఎత్తి అటకలోకి దూరుతుంటే, పగిలిన పెంకులు ఏరి ఏరి విసిగినవాళ్లు రేకులు వేసుకున్నారు. వారిని తప్పుపట్టే పని లేదు. కోతిని ఆపింది కనుక రేకు గెలిచింది. అయితే గూనతో పాటు రెండో కప్పు పోయింది, గాలి తిరిగే చోటు పోయింది. వాటిని తిరిగి ఎలా తెచ్చుకోవాలన్నదే ఇప్పటి ప్రశ్న.

రేకు కింద ఏం జరుగుతోంది?

సిమెంటు రేకు మందం 6 మిల్లీమీటర్లు. ఇనుప రేకు అయితే అర మిల్లీమీటరు. నడివేసవి మధ్యాహ్నం ఒక్కో చదరపు మీటరు కప్పు మీద సుమారు 1,000 వాట్ల ఎండ పడుతుంది. 400 చదరపు అడుగుల ఇంటి కప్పు అంటే 37 చదరపు మీటర్లు. మొత్తం 37 కిలోవాట్ల వేడి ఆ ఇంటి నెత్తిన కుమ్మరిస్తున్నట్టు. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి తోడగలిగేది 5 కిలోవాట్ల పైచిలుకు మాత్రమే. పడిన ఎండంతా లోపలికి రాదు, నిజమే. వచ్చే కొంత భాగమైనా ఆ గదికి ఎక్కువే.

రేకు ఉపరితలం 60 డిగ్రీలు దాటాక అది పెనంలా కింది వైపుకు వేడిని చిమ్ముతుంది. ఆ సెగ గాలితో పనిలేకుండా నేరుగా ఒంటికి తగులుతుంది. రేకుల గదిలో ఫ్యాన్ కింద కూర్చున్నా తల మాడుతున్నట్టుండేది అందుకే. పైగా ఆ ఫ్యాన్ రేకు కింద పోగైన వేడిగాలినే కిందికి తోస్తుంది. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్‌ను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఆ ఇంటి గోడ పైవరసను దగ్గరగా చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. రేకు వంపుల కింద, గోడకు పైన, వరుసగా చిన్న చిన్న సందులుంటాయి. వేడిగాలి బయటపడటానికి చాలా ఇళ్లలో ఉన్న దారి అదొక్కటే. పాము దూరుతుందని, తేలు పడుతుందని ఆ సందుల్లో పాత బట్టలు, ప్లాస్టిక్ సంచులు కుక్కుతారు. లేదంటే మేస్త్రీయే సిమెంటుతో పూడ్చేస్తాడు. భూపాలపల్లి బొగ్గు గనుల చుట్టుపక్కల దుమ్ము భయం మరీ ఎక్కువ. ఈ భయాలు ఉత్తవి కావు. కాకపోతే పాముకూ తేలుకూ విరుగుడు సన్నకన్ను ఇనుప జాలీ. సందు పూడిస్తే పాముతో పాటు గాలీ ఆగిపోతుంది.

రంధ్రం ఒక్కటే చాలదు

గోడకు నాలుగు రంధ్రాలు కొడితే ఇల్లు చల్లబడుతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. రంధ్రం వేడిగాలిని పంపుతుంది, రేకు చిమ్మే సెగను ఆపలేదు. అందుకే పనులకు ఒక వరస ఉంది.

మొదటిది, ఎండను కప్పు మీదే తిప్పికొట్టడం. మంచి తెల్లపూత, తన మీద పడిన ఎండలో ముప్పాతిక భాగం దాకా వెనక్కి పంపగలదు. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల కప్పుల మీద తెల్లని పొర పరిచి చూశారు. జీహెచ్ఎంసీ, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, ట్రిపుల్ ఐటీ కలిసి చేసిన ప్రయోగమది. పొర లేని ఇళ్లతో పోలిస్తే ఆ గదుల్లో వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. 42 డిగ్రీల గదిలో రెండు డిగ్రీలంటే ముసలి గుండెకు, చంటిబిడ్డకు పెద్ద ఊరట. పల్లెల్లో సున్నంతోనూ ఈ పని మొదలుపెట్టవచ్చు. వానకు సున్నం కొట్టుకుపోతుంది, దుమ్ముకు మాసిపోతుంది కనుక ఏటా ఫాల్గుణంలో మళ్లీ వేసుకోవాలి.

రెండోది, రేకుకూ మనిషికీ మధ్య ఒక తెర. వెదురు తడకకు మట్టో సున్నమో మెత్తి, రేకుకు జానెడు కింద బిగిస్తే సెగ ముందు దానికి తగులుతుంది. ధర్మకోల్, ప్లాస్టిక్ పట్టాల జోలికి మాత్రం వెళ్లకూడదు. కరెంటు తీగ కాలితే అవి ఇంటిని అంటిస్తాయి.

మూడోది, ఆ తెరకూ రేకుకూ మధ్య చేరిన గాలికి దారి. చూరు వైపు కింద కొన్ని, ఎదురు గోడ కొప్పు దగ్గర కొన్ని జాలీ రంధ్రాలు. కొత్తగా ఇనుప రేకులు వేసేవారు కొప్పు మీద గాలికి తిరిగే టర్బో వెంటిలేటర్ పెట్టించుకోవచ్చు. పాత సిమెంటు రేకుకు మాత్రం డ్రిల్లు పెట్టకూడదు. అందులోని ఆస్‌బెస్టాస్ నూగు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్‌కు దారితీస్తుంది. అలాంటి ఇంట్లో రంధ్రం చేయాల్సింది గోడకే.

ఇక్కడ ఒక తేడా మరవకూడదు. తెర పైనుండే అటక గాలి వేరు, కింద గది గాలి వేరు. అటక రంధ్రాలు పగలూ రాత్రీ తెరిచే ఉండాలి. ఎండ వేళ అక్కడి గాలి బయటి గాలి కంటే వేడి కనుక అది పోవడమే మేలు. గది కిటికీలు మాత్రం మధ్యాహ్నం మూయాలి. బయట 43 డిగ్రీలున్నప్పుడు కిటికీ తెరిస్తే వడగాలిని పిలిచినట్టే. చీకటి పడ్డాక, బయట చల్లబడ్డాక అన్నీ తెరవాలి.

స్లాబ్ వేసుకున్నవారి ఇబ్బంది ఇంకో రకం. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండను తాగి, సాయంత్రం నుంచి నడిరాత్రి దాకా గదిలోకి వదులుతుంది. ఆ ఇంట్లో రాత్రి నిద్ర పట్టదు. అక్కడా తెల్లపూతే మొదటి మందు. పైకప్పుకు ఆనుకొని ఎదురెదురు గోడల్లో వెంటిలేటర్లుంటే రాత్రి గాలికి స్లాబ్ కింది వేడి పోతుంది. మిద్దె మీద పందిరి వేసి సొరతీగో బీరతీగో పాకించినా ఎండ స్లాబ్ దాకా రాదు. కేరళలో లారీ బేకర్ స్లాబ్ అడుగు పొరలో కాంక్రీటుకు బదులు పెంకులు పేర్చి ఖర్చూ వేడీ రెండూ తగ్గించి చూపారు. ఆ పద్ధతి ఇక్కడి కుమ్మరులకు మళ్లీ పని చూపగలదు.

చిన్న ఇంటిని వదిలేసిన నిబంధనలు

మనకు విధానాలు లేకపోలేదు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం 2028 వరకు అమల్లో ఉంటుంది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు చల్లని కప్పును తప్పనిసరి చేసింది. అంతకంటే చిన్న ఇళ్లకు ఇష్టమైతే వేసుకోవచ్చంది. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత కప్పు గుండా దిగే వేడికి చదరపు మీటరుకు, లోపలికీ బయటికీ ఉన్న తేడాలో ఒక్కో డిగ్రీకి 1.2 వాట్ల హద్దు గీసింది. వేడిని ఆపే పొర ఏదీ లేని మామూలు స్లాబ్‌కు ఆ అంకె 3 పైనే. అయితే ఆ సంహిత కూడా 500 చదరపు మీటర్లకు తగ్గని స్థలాల కోసం రాసిందే. తండాలో, గూడెంలో, కార్మిక వాడలో ఉన్న ఇల్లు ఈ రెండు నిబంధనలకూ బయటే మిగిలింది. ఎండ మాత్రం స్థలం కొలతలు చూసి కాయదు.

సరిదిద్దుకోవడానికి ఇప్పుడు మంచి అవకాశముంది. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద నియోజకవర్గానికి 3,500 ఇళ్లు, ఇంటికి రూ.5 లక్షలు. జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, పాలకుర్తి, మహబూబాబాద్, డోర్నకల్, భూపాలపల్లి నియోజకవర్గాలు ఆరింటికే 21,000 ఇళ్లు. కనీసం 400 చదరపు అడుగులు, పైన ఆర్‌సీసీ స్లాబ్. ఇవి కనీసం నలభై, యాభై ఏళ్లు నిలవాల్సిన ఇళ్లు. గోడ లేస్తున్నప్పుడే కప్పు కింద జాలీ వెంటిలేటర్ వదలడానికి ఖర్చు దాదాపు లేదు. కట్టాక గోడ పగలగొట్టి పెట్టాలంటే ఎవరూ ముందుకు రారు. పునాది నుంచి స్లాబ్ దాకా దశలవారీగా బిల్లు ఇస్తున్న పథకంలో చివరి బిల్లుకు ముందు రెండే అంశాలు చూడాలి. ఎదురెదురు వెంటిలేటర్లున్నాయా? కప్పుకు తెల్లపూత వేశారా? పూత ఖర్చును మాత్రం లబ్ధిదారు మీద వేయకుండా ప్రభుత్వమే భరించాలి.

దీనివల్ల ఖజానాకూ మేలే. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్ ఇస్తున్నారు. ఒకటిన్నర టన్నుల ఏసీ రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే నెలకు 300 యూనిట్ల వరకూ కాలుతుంది. భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు. దాని పక్కనే ఉన్న ఊళ్లలోనూ కప్పు సరిలేకపోతే ఎంత కరెంటూ ఇంటిని చల్లబరచలేదు. చల్లని కప్పున్న ఇంట్లో ఒక ఫ్యానుతో రాత్రి గడుస్తుంది, ఉచిత యూనిట్ల గీత దాటాల్సిన పని పడదు.

చేయాల్సిన పనులు నాలుగు. కూల్ రూఫ్ విధానంలోని 600 గజాల గీతను తొలగించి, చిన్న ఇళ్లకు సాయంతో కూడిన నిబంధన పెట్టాలి. రేకుల కింద నడుస్తున్న అంగన్‌వాడీలు, బడులకు వచ్చే ఎండాకాలం లోపే తెల్లపూత, తడక, జాలీ వేయించాలి. మహిళా సంఘాలకు సున్నపు పూత పనిని, మేస్త్రీలకు అటక రంధ్రాల పనిని నేర్పించాలి. వడదెబ్బ హెచ్చరికలతో పాటు ఊరూరా రేకుల ఇళ్ల జాబితా తయారుచేసి, ఒంటరి వృద్ధులున్న ఇళ్లతో మొదలుపెట్టాలి.

ఇవేవీ కొత్త పరిశోధనలు కావాల్సిన పనులు కావు. గూన ఇంట్లో పెరిగిన తరానికి ఇంటి నెత్తిన రెండు కప్పులు, నడుమ గాలి ఎందుకో తెలుసు. మూడు జిల్లాల కలెక్టర్లు ఇందిరమ్మ ఇళ్ల అంచనాల్లో వెంటిలేటర్లను, తెల్లపూతను చేర్చమని ప్రభుత్వాన్ని అడగాలి. ఇల్లు కట్టుకుంటున్న ప్రతి కుటుంబం స్లాబ్ పోసేలోపే మేస్త్రీని ఆపి, కప్పు కింద గాలికి చోటు వదిలించుకోవాలి.