ఏరు దాటిన పిమ్మట

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" అన్న సామెతను ఏటి ఒడ్డున పుట్టినవారెవరో అని ఉంటారు. సముద్రం దాటి వచ్చి స్థిరపడిన మా వంటివారికి అది ఇంకొంచెం లోతుగా అర్థమవుతుంది. 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అనిపించుకొని, నేడు శ్రీ విజయపురం అనిపించుకొంటున్న ఈ పట్టణంలో, విశాఖపట్నం రేవున ఓడ ఎక్కి వచ్చిన తెలుగు కుటుంబాలు వేలకొలది ఉన్నవి.

ఒకనాటి సాయంకాలం జంగ్లీఘాట్ రేవు దగ్గర, వల బాగుచేసుకొంటున్న ఒక పెద్దాయన పక్కన కూర్చొని, నేను అనువదించిన ఒక వ్యాసం ప్రూఫులు దిద్దుతున్నాను. ఆయన సిక్కోలు ప్రాంతం నుండి చిన్నతనంలోనే ఇక్కడికి వచ్చినవారు. ఏమి రాస్తున్నావని అడిగారు. బ్రిటన్ దేశం ఐరోపా సమాఖ్య నుండి వైదొలగిన కథ అని చెప్పాను.

"ఆల్లే ఓటేసుకున్నారు గదా బాబూ, మరి ఆల్లే ఎందుకు తిట్టుకుంటన్నారు?" అన్నారాయన.

ఆంగ్ల సాహిత్యం చదువుకొన్న నాకు ఈ ప్రశ్నకు ఒక్క వాక్యంలో సమాధానం దొరకలేదు. ఈ నెల ఈ పుటలను ఆ సమాధానానికే వినియోగిస్తున్నాను.

2016 ఫిబ్రవరి 20వ తేదీన నాటి ప్రధాని డేవిడ్ కామెరాన్ తన అధికార నివాసం ముందు నిలబడి, జూన్ 23న ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుందని ప్రకటించారు. వోటర్లలో నూటికి 72 మంది పాల్గొన్నారు. 51.9 శాతం మంది వీడుదామన్నారు, 48.1 శాతం మంది ఉందామన్నారు. ఫలితం ఏదైనా పదవిలో కొనసాగుతానని అంతకు ముందు చెప్పిన కామెరాన్, మరునాటి ఉదయమే రాజీనామా ప్రకటించారు. ఇది మొదటి మాట తప్పడం.

వీడుదామన్న పక్షంవారు ఒక ఎర్ర బస్సు మీద, వారానికి 35 కోట్ల పౌనులు సమాఖ్యకు పోతున్నవనీ, ఆ ధనాన్ని ఆరోగ్య సేవకు వెచ్చిద్దామనీ రాయించి దేశమంతా తిప్పారు. బ్రిటన్‌కు లభించే తగ్గింపును లెక్కలోనుండి తీసివేస్తేనే ఆ అంకె వస్తుంది. ఆ తగ్గింపు సొమ్ము దేశం దాటి పోయేదే కాదు. అంకె సరి కాదని ఆ దేశపు గణాంక ప్రాధికార సంస్థ చెప్పినా బస్సు ఆగలేదు. ఉందామన్న పక్షంవారు మాత్రం తక్కువ తిన్నారా? వీడితే వెంటనే ఆర్థిక మాంద్యం వచ్చి పడుతుందనీ, అత్యవసర బడ్జెటు పెట్టవలసి వస్తుందనీ భయపెట్టారు. దీర్ఘకాలంలో నష్టం కలిగిందని అనేకులు లెక్కగట్టిన మాట నిజమే గాని, చెప్పిన మాంద్యం చెప్పిన సమయానికి రాలేదు. ఆశ చూపినవారి మీద, భయం చూపినవారి మీద, ఇద్దరి మీదా జనానికి నమ్మకం సడలింది.

పిమ్మట వచ్చిన థెరీసా మే, 2019 మార్చి 29న వైదొలగి తీరుతామని పదే పదే చెప్పారు. ఆ ఏడాది జనవరి 15న ఆమె తెచ్చిన ఒప్పందాన్ని పార్లమెంటు 432–202 వోట్లతో తిరస్కరించింది. మార్చి 29 వచ్చింది, పోయింది. తరువాతి ప్రధాని బోరిస్ జాన్సన్ పార్లమెంటు సమావేశాలనే ఐదు వారాల పాటు నిలిపివేయించగా, 2019 సెప్టెంబరు 24న అత్యున్నత న్యాయస్థానంలోని 11 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అది చట్టవిరుద్ధమన్నారు. చివరకు 2020 జనవరి 31న బ్రిటన్ సమాఖ్యను వీడింది. దీని ఫలితం ఏమంటే, దేశ హితాన్ని తమ పార్టీ హితం కంటె పైన పెడతారని ఏ ప్రభుత్వాన్నీ దాదాపు ఎన్నడూ నమ్మలేమని చెప్పినవారు, 2024లో వెలువడిన ఒక ప్రసిద్ధ సామాజిక సర్వేలో 45 శాతానికి చేరారు.

అనువాదకునిగా నాకు తట్టినది వేరొకటి. వోటు కాగితం మీద ఉన్నది 'లీవ్' అన్న చిన్న మాట. దానిని తెలుగు చేయబోతే నాలుగు మాటలు ఎదురయ్యాయి: వైదొలగుట, విడిపోవుట, వేరు కాపురం పెట్టుట, తెగతెంపులు చేసికొనుట. వేరు కాపురం పెట్టిన అన్నదమ్ములకు పొయ్యి వేరైనా బావి ఉమ్మడిగా ఉండవచ్చు. తెగతెంపులు చేసికొన్నవారికి బావి కూడా రెండు. సమాఖ్యను వీడినా ఉమ్మడి విపణిలో ఉండవచ్చునా, సుంకాల కూటమిలో ఉండవచ్చునా, ఐర్లండు సరిహద్దు ఏమి కావాలి అన్న ప్రశ్నలన్నీ ఆ ఒక్క మాటలో దాగి ఉన్నవి. వోటు వేసిన ప్రతివాడూ తన మనసులోని అర్థానికి వోటు వేశాడు. అర్థం నిర్ణయించే పని ఏరు దాటిన పిమ్మట మొదలయింది. అప్పుడు ఏ అర్థం చెప్పినా మిగిలినవారికి అది మోసంగానే తోచింది.

ఇది సీమవారి సంగతి అని మనం నవ్వుకోనక్కరలేదు. ఫిబ్రవరి 20 అన్న తేదీని పంచాంగంలో వెనుకకు తిప్పి చూడండి.

1947 ఫిబ్రవరి 20న బ్రిటిష్ ప్రధాని అట్లీ, 1948 జూన్ లోగా భారతదేశాన్ని వీడుతామని తమ పార్లమెంటులో ప్రకటించారు. ఆ గడువు ముందుకు జరిగి ఆగస్టు 15 అయింది. దేశాన్ని చీల్చిన రాడ్‌క్లిఫ్ గీత ఎక్కడ పడిందో జనానికి తెలిసినది ఆగస్టు 17న. అనగా పంజాబులోనూ బెంగాలులోనూ అనేకులు స్వాతంత్ర్య దినం నాడు తాము ఏ దేశ పౌరులో ఎరుగరు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర నుండి నలుగురు, తెలంగాణా నుండి నలుగురు నాయకులు కూర్చొని పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు చేశారు. తెలంగాణా మిగులు ఆదాయం తెలంగాణాకే వెచ్చించాలనీ, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతం వారు కావాలనీ అందులో ఉన్నది. ఆ నవంబరు 1న ఆంధ్ర ప్రదేశ్ అవతరించింది. కాని మొదటి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేరు. ఒప్పందంలోని రక్షణలు అమలు కావడం లేదన్న ఆక్రోశమే 1969లో ఉద్యమమై లేచింది.

2014 ఫిబ్రవరి 20న రాజ్యసభ ఆంధ్ర ప్రదేశ్ పునర్విభజన బిల్లును ఆమోదించింది. ఆనాడే ప్రధాని మన్మోహన్ సింగ్, శేష ఆంధ్ర ప్రదేశ్‌కు ఐదేళ్ళ ప్రత్యేక హోదా ఇస్తామని సభలో చెప్పారు. ఐదు చాలదు, పది కావాలన్నారు నాడు ప్రతిపక్షంలో ఉన్న వెంకయ్య నాయుడు. ఆ హామీ చట్టంలోకి ఎక్కలేదు. 2016 సెప్టెంబరులో కేంద్రం హోదాకు బదులు ప్రత్యేక సాయం ప్రకటించింది. ఇక చట్టంలోకి ఎక్కిన మాట చూడండి. హైదరాబాదు పదేళ్ళకు మించకుండా ఉమ్మడి రాజధాని అని రాశారు. అది రాసిన ప్రకారం 2024 జూన్ 2న ముగిసింది. నోటి మాట నోటితోనే పోయింది, రాసిన మాట తేదీ దాకా నిలిచింది. విభజన చట్టం అనంతరం 2014 ఎన్నికలలో శేష ఆంధ్ర ప్రదేశ్ వోటరు కాంగ్రెసుకు ఒక్క శాసనసభ స్థానం కూడా ఇవ్వలేదు. హోదా కావాలన్న కోరిక మాత్రం ఏ ఎన్నికతోనూ తీరలేదు.

ఆ తేదీలో మహిమ ఏదీ లేదు. ఏ తేదీన వెదికినా ఇట్టివి నాలుగు దొరుకుతవి. పోలిక తేదీలో లేదు, పద్ధతిలో ఉన్నది. ముందు ఔననిపించుకొని, వివరం తరువాత చెప్పడమే ఆ పద్ధతి.

మా దీవులలో దీనికి తాజా ఉదాహరణ ఉన్నది. ఆంధ్ర ప్రదేశ్ అవతరించిన 1956 నవంబరు 1నే అండమాన్ నికోబార్ కేంద్రపాలిత ప్రాంతమయింది. నేటికీ ఇక్కడ శాసనసభ లేదు. లోక్‌సభలో ఒకే ఒక సభ్యుడు. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో గ్రేట్ నికోబార్ తీరాన ఉన్న నికోబారీ గ్రామాలు తుడిచిపెట్టుకొని పోయినవి. బ్రతికి బయటపడినవారిని కేంప్‌బెల్ బే సమీపాన పునరావాస గృహాలలో ఉంచారు. తమ పూర్వ గ్రామాలకు తిరిగి పోవాలని వారు నాటి నుండీ అడుగుతున్నారు. ఇంతలో గలాథియా అఖాతంలో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం, విద్యుత్కేంద్రం కలిసిన బృహత్పథకం వచ్చింది. దీనికై మళ్ళించే అటవీ భూమి సుమారు 130 చదరపు కిలోమీటర్లు. 2022 ఆగస్టులో అక్కడి గిరిజన మండలి అభ్యంతరం లేదని పత్రం ఇచ్చింది. నవంబరులో అదే మండలి దానిని వెనుకకు తీసుకొన్నది. తమ పూర్వ గ్రామాల భూములు కూడా అందులో చేరుతున్నవని తమకు ముందుగా స్పష్టం చేయలేదని దాని ఫిర్యాదు. దేశ రక్షణకూ వాణిజ్యానికీ పథకం అవసరమనీ, గిరిజనుల హితానికి భంగం కలుగదనీ ప్రభుత్వం వాదన. వివాదం న్యాయస్థానాల దాకా పోయింది.

పథకం మంచిదా కాదా అన్నది వేరే చర్చ, దానికి నేను అర్హుడను కాను. కాని 'అభ్యంతరం లేదు' అన్న రెండు మాటల పత్రం మీద ఒక అనువాదకుడు చెప్పదగినది ఒకటి ఉన్నది. దేనికి అభ్యంతరం లేదో ఇచ్చినవారికీ పుచ్చుకొన్నవారికీ ఒకే విధంగా తెలిసి ఉండాలి. తెలియనిచో అది సమ్మతి కాదు, వట్టి సంతకం.

ఇదంతా ఆ పెద్దాయనకు చెప్పాను. ఆయన చాలాసేపు వల కళ్ళు చూసుకొంటూ ఉండిపోయారు. "అయితే పెదనాన్నా, నాయకులు అందరూ అబద్ధాలకోరులేనంటావా?" అని నేనే అడిగాను.

"అందరూ కాదు బాబూ. ఓడ టికెట్టు కొన్నప్పుడు ఏ రేవుకు పోతాదో, ఎన్నాళ్ళు పడతాదో అడుగుతాం గదా. ఓటు కాడ మాత్రం మనమే అడగం. దిగినాక అడుగుతాం" అన్నారు.

నాయకులను నమ్మరాదని ఎవరైనా అన్నప్పుడు నాకు భయమే వేస్తుంది. ఎవరినీ నమ్మని జనం చివరకు అందరికంటె గట్టిగా అరిచే వానిని నమ్ముతారు. ఆంగ్లంలో విశ్వాసానికీ, పరుల ఆస్తిని కాపాడే సంస్థకూ ఒకటే మాట. రెండవ అర్థంలో ఆ మాటను మనమూ 'ట్రస్టు' అని వాడుకలో పెట్టుకొన్నాము. గుడి ట్రస్టు సభ్యులు భక్తులే కావచ్చు, సజ్జనులే కావచ్చు. అయినా లెక్కలు చూపమంటాము. అందుకు వారు కోపగించుకోరు, మనమూ వారిని అవమానించినట్లు అనుకోము. నాయకుని మాటను కూడా ఆ విధంగానే పుచ్చుకోవాలి. చెప్పినది చట్టంలో ఎక్కడ ఉన్నది? ధనం ఎక్కడి నుండి వస్తుంది? ఏ తేదీకి పూర్తవుతుంది? కాకపోతే జవాబుదారు ఎవరు? ఈ నాలుగు ప్రశ్నలూ ఓడ ఒడ్డున ఉన్నప్పుడే అడగవలసినవి.

అడిగినవారికి ప్రతిసారీ సమాధానం దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను. నికోబారీలు అడుగుతూనే ఉన్నారు. కాని ఇచ్చిన పత్రాన్ని మూడు నెలలకే వెనుకకు తీసుకొని, తమకు తెలియక జరిగినదని వారు లిఖితపూర్వకంగా చెప్పారు. లక్షల ప్రతులు అమ్ముడయ్యే పత్రికలున్న సీమలో ఆ పనికి ఏళ్ళు పట్టినా చేతకాలేదు.

ప్రూఫులలో 'లీవ్' అన్న మాటకు నేను చివరకు 'వైదొలగుట' అనే ఉంచాను. పక్కన ఒక గీత గీసి, అడుగున వివరణ రాశాను. ఆ వివరణ వాక్యం కంటె పొడుగయింది. సంపాదకులు దానిని కుదించకుందురు గాక.